హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

శాస్త్రీయ సంగీతం వినడానికి కూర్చున్న కొత్త శ్రోతకు మొదటి కొద్ది నిమిషాలలోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. గాయకుడు మాటలు లేని ఆలాపన సాగిస్తుంటాడు. పల్లవిలోని ఒకే పంక్తిని ఒక్కొక్క సంగతితో పదే పదే పాడుతుంటాడు. పక్కనున్న పెద్దలు తలలూపుతుంటారు. ఎందుకు ఊపుతున్నారో మనకు తెలియదు. నారాయణపేటలో చదువుకొనే విద్యార్థినే తీసుకోండి. తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ కూడా వినిపించే ఆ సరిహద్దు పట్టణంలో, పాలమూరు పల్లెల భజనలు వింటూ పెరిగిన పిల్లవానికి తాళం కొత్త కాదు. అయినా కచేరీలో అరగంట కూర్చోవడం అతనికి కష్టమే. రాగంలోకి అడుగుపెట్టడానికి అతనికి ఒక వాకిలి కావాలి. తెలుగునాట అటువంటి వాకిలిని తెరచి, సామాన్య జనాన్ని సంగీతంలోకి నడిపించిన వారిలో అగ్రగణ్యులు ఆదిభట్ల నారాయణదాసు.

నారాయణదాసు 1864 ఆగస్టు 31న బొబ్బిలికి సమీపంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లి నరసమ్మ, తండ్రి వేంకటచయనులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. పురాణ కథలు, పోతన భాగవత పద్యాలు పసితనంలోనే ఆయనకు కంఠస్థమయ్యాయి. బొబ్బిలిలో వైణిక విద్వాంసులైన వాసా సాంబయ్య వద్ద కొద్దికాలం సంగీతం నేర్చారు. తరువాత ఆంగ్ల విద్య కోసం విజయనగరం చేరారు. ఆయన విద్యలో అధిక భాగం స్వయంకృషితో సాధించినదే.

1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో హరికథ చెప్పారు. పంతొమ్మిదేళ్ల సూర్యనారాయణ ఆ కథ విన్నారు. పాట, పద్యం, వచనం, అభినయం ఒక్క మనిషిలో కలిసి సభను కట్టివేయగలవని ఆనాడు ఆయన కన్నులారా చూశారు. ఆ సంవత్సరమే 'ధ్రువ చరిత్ర'ను హరికథగా రచించి తామే గానం చేశారు. అప్పటి నుండి ఆయన నారాయణదాసు అయ్యారు.

హరికథకు మూలం మహారాష్ట్ర దేశపు కీర్తన సంప్రదాయం. తంజావూరును మరాఠా రాజులు పాలించిన కారణంగా అది దక్షిణాదికి చేరి, కర్ణాటక సంగీతంతో కలిసి కొత్త రూపం దాల్చింది. నారాయణపేట వంటి ఊళ్లలో మరాఠీ పలుకు ఎలా కలిసిపోయిందో, తెలుగువారి హరికథలో ఆ కీర్తన అలాగే కలిసిపోయింది. నారాయణదాసు చేతిలో అది అచ్చమైన తెలుగు కళ అయింది.

హరికథలో దాసుగారు కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలమాలతో నిలబడేవారు. వెనుక మృదంగం, ఫిడేలు. కథ మొదలైన తరువాత శ్రోతకు రాగం పేరుతో పని లేదు. సవతి తల్లి తండ్రి ఒడిలో కూర్చోనీయక తరిమితే ధ్రువుడు ఏడుస్తూ తల్లి వద్దకు వెళ్తాడు. ఆ బాలుని దుఃఖం ఏమిటో పొలం పనులు ముగించుకొని వచ్చి కూర్చున్న రైతుకు తెలుసు. అటువంటి ఘట్టంలో ముఖారి వంటి రాగం వినిపిస్తే అది అతనికి దుఃఖంగానే వినిపిస్తుంది. మాటలు ఆగి, ఆలాపన మిగిలినప్పుడు కూడా దుఃఖం ఆగదు. కచేరీలో అర్థం లేనట్టు తోచిన ఆ సాగదీతకు ఇక్కడ అర్థం దొరుకుతుంది. సంతోష ఘట్టంలో బిలహరి వంటి రాగం వస్తే ఈ భేదాన్ని ఎవరూ చెప్పకుండానే చెవి గ్రహిస్తుంది. మధ్యలో ఒక పిట్టకథ, ఒక చమత్కారం, నవ్వు. మళ్లీ కీర్తన. తెల్లవారేసరికి ఆ శ్రోత కొన్ని రాగాలను పేర్లు తెలియకుండానే గుర్తుపట్టగలడు.

జనం కోసం సంగీతాన్ని పలుచన చేయవలసిన అవసరం దాసుగారికి కలుగలేదు. రెండు పాదాలతో, రెండు చేతులతో, శిరస్సుతో ఏకకాలంలో అయిదు తాళాలను నడిపే 'పంచముఖి' ఆయనకు కరతలామలకం. తొంభై రాగాలతో ఒక మాలికను కూర్చిన విద్వాంసుడాయన. అష్టావధానాలు చేశారు, వీణ వాయించారు, మైసూరు ఆస్థానంలో మెప్పు పొందారు. ఇంతటి పండితుడు గజ్జె కట్టి జనం మధ్య ఆడటం ఆనాటి పెద్దమనుషులందరికీ రుచించే విషయం కాదు. రాజుల ఎదుట కూర్చుండి పాడి గౌరవంగా జీవించే మార్గం ఆయనకు తెరిచే ఉంది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆదరణ లభించిన తరువాత కూడా ఆయన గజ్జెను విప్పలేదు. మైకులు లేని ఆ రోజుల్లో వేల మందికి వినిపించే కంఠం, దృఢమైన దేహం ఆయనకు ఉన్నాయి. అభిమానం కూడా అంతే ఎక్కువ. తన విద్యను తక్కువ చేసిన వారిని సహించే స్వభావం కాదు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత పాఠశాల ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షులు నారాయణదాసు. ఆ సంవత్సరమే ఇరవై ఆరేళ్ల ద్వారం వేంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరాలని అక్కడికి వచ్చారు. ఆయన చూపు చాలా మందం. ఫిడేలు వాదన విన్న దాసుగారు ఆయనను శిష్యునిగా కాక, ఆచార్యునిగా నియమింపజేశారు. తానే వినడం తెలిసిన మనిషి గనుకనే ఇతరులకు వినడం నేర్పగలిగారని ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

సంస్కృతాంధ్రాలతోపాటు ఆంగ్ల, పారశీక భాషలలోనూ ఆయనకు ప్రవేశం ఉంది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి అనువదించారు. 'నవరసతరంగిణి'లో కాళిదాసును, షేక్స్పియరును పక్కపక్కన నిలిపారు. హరికథా గ్రంథాలు అచ్చులో లభిస్తున్నాయి గాని, గజ్జెల సవ్వడి, కంఠం లేని హరికథను పుస్తకంలో చదివితే సగమే చదివినట్లు.

1936లో ఆయన పదవీ విరమణ చేయగా ద్వారం వారు అధ్యక్షులయ్యారు. 1945 జనవరి 2న నారాయణదాసు పరమపదించారు. ఆ పాఠశాలలోనే ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతం అభ్యసించారు. తరువాతి కాలంలో పి. సుశీల అక్కడ చదువుకొన్నారు. వారి సినిమా పాటలను నారాయణపేట వీధుల్లో వినని ఇల్లు లేదు. ఆ పాటల్లో ఒక రాగం, కొన్ని గమకాలు ఉన్నాయి. వాటిని గుర్తుపట్టే చెవి అప్పటికే కొంత సిద్ధమై ఉంది.