బిజే బృందగానం

ఫ్రెంచి స్వరకర్త జార్జ్ బిజే 1838లో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి గాత్రవిద్యా బోధకుడు. తల్లి పియానో వాద్యంలో నేర్పరి. పదేళ్లు నిండకముందే సంగీత విద్యాలయంలో చేరి, 1857లో ప్రతిష్ఠాత్మకమైన రోమ్ బహుమతిని గెలుచుకున్నాడు.

ఆనాటి ఒపెరాలలో, అనగా గేయనాటకాలలో, బృందగాయకులు సాధారణంగా వరుసగా నిలబడి పాడేవారు. ‘కార్మెన్’లో బిజే ఆ వరుసను చెదరగొట్టాడు. పొగాకు కర్మాగారపు స్త్రీలు సిగరెట్లు కాలుస్తూ, కలహిస్తూ పాడాలన్నాడు. గాయనీమణులు మొరాయించినా ఆయన పట్టు వీడలేదు. 1875 మార్చి 3న జరిగిన తొలి ప్రదర్శన నిరాశనే మిగిల్చింది. సరిగ్గా మూడు నెలలకు, 36వ ఏట, ఆయన కన్నుమూశాడు.

నేడు ధ్వనిముద్రికలో వింటే, ఆ స్త్రీల కంఠాలు మొదట పొగతెరల వలె మందగతిలో తేలుతాయి; కలహఘట్టంలో రెండు పక్షాలుగా చీలి ఎదురెదురుగా ఉరుకుతాయి. ఆ విజయాన్ని చూసే భాగ్యం మాత్రం బిజేకు దక్కలేదు.