చుక్కల లెక్క తేల్చిన చంద్రశేఖర్

మన బడి పిల్లల్లో చాలామంది 'చంద్ర' అనే ఎక్స్-రే టెలిస్కోపు పేరు వినే ఉంటారు. ఆ పేరు ఎవరిదో మాత్రం తక్కువమందికి తెలుసు. అది మనలాగే ఊరు వదిలి, సముద్రాలు దాటి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ ఒక భారతీయుడిది. అందుకే ఈసారి సంచికలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి గురించి చెప్పుకుందామనుకున్నాం.

ఆయన 1910 అక్టోబరు 19న లాహోరులో పుట్టారు. పదిమంది పిల్లల్లో మూడోవారు, మగపిల్లల్లో పెద్దవారు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ గారిది రైల్వే లెక్కల శాఖలో ఉద్యోగం. తల్లి సీతాలక్ష్మి గారు ఇబ్సెన్ నాటకాన్ని తమిళంలోకి అనువదించిన విదుషి. వాళ్ళది తమిళ కుటుంబమే అయినా మన తెలుగు నేలతో అనుబంధం ఉంది. తాతగారు చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. నోబెల్ బహుమతి పొందిన సర్ సి.వి. రామన్ గారు చిన్నప్పుడు చదువుకున్నది ఆ ఊళ్ళోనే. రామన్ గారు మన చంద్రశేఖర్ గారికి స్వయానా బాబాయి. ఇక మనవడికి పెట్టింది తాతగారి పేరే.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించేసరికి ఆయనకు కేంబ్రిడ్జి వెళ్ళడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికింది. అప్పటికే తల్లికి జబ్బుగా ఉంది. అయినా కొడుకు చదువు ఆగకూడదని ఆవిడే పట్టుబట్టి పంపారు. 1930 జూలై చివర బొంబాయిలో ఓడ ఎక్కారు. మరుసటి ఏడాదే ఆవిడ పోయారు. కొడుక్కి ఇంగ్లండులో కబురు అందింది. ఇలాంటి కబురును దూరదేశంలో అందుకోవడం ఎలా ఉంటుందో మనలో కొందరికి విడమరచి చెప్పక్కరలేదు.

ఆ ఓడ మీదే, ఇరవై ఏళ్ళైనా నిండని ఆ కుర్రవాడు ఒక లెక్క వేశాడు. నక్షత్రం తనలోని ఇంధనం మండినంతకాలం ఉబ్బి నిలబడుతుంది. ఇంధనం అయిపోయాక తన బరువుకు తనే కుంగిపోతుంది. అలా కుంగినది భూమి అంత చిన్నదై, చల్లారుతూ శ్వేత కుబ్జ తారగా మిగిలిపోతుందని అప్పటి పండితుల నమ్మకం. లోపల ఇరుక్కున్న ఎలక్ట్రాన్లు ఇక నలగమని ఎదురుతిరిగి ఆ బరువును ఆపుతాయి. చంద్రశేఖర్ దీనికి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని కలిపి చూశారు. ఆ ఎదురుబలానికి ఒక హద్దు ఉందని తేలింది. సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు దాటితే ఆ కుంగుబాటును ఎలక్ట్రాన్లు ఆపలేవు. దీన్నే ఇప్పుడు చంద్రశేఖర్ పరిమితి అంటున్నాం.

మరి ఆపేదెవరు? ఆ ప్రశ్నే అప్పట్లో పెద్దలకు మింగుడుపడలేదు. 1935 జనవరి 11న లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో చంద్రశేఖర్ తన లెక్కను వివరించి కూర్చున్నారు. వెంటనే సర్ ఆర్థర్ ఎడింగ్టన్ లేచి, అది అర్థంలేని మాటన్నట్టు కొట్టిపారేశారు. సభ నవ్వింది. ఎడింగ్టన్ ఆ కాలపు ఖగోళ శాస్త్రజ్ఞుల్లో శిఖరం లాంటివాడు. అంతకుముందు నెలల తరబడి ఈ కుర్రవాడి పనిని దగ్గరుండి చూస్తూ కూడా తన అభ్యంతరం ఏమిటో బయటపెట్టలేదు. లెక్క సరైనదేనని తెలిసిన పెద్ద భౌతిక శాస్త్రజ్ఞులు చాటుగా ఒప్పుకున్నారే గాని పైకి మాట్లాడలేదు. మాకు ఎడింగ్టన్ పొరపాటు కన్నా ఈ మౌనమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

చంద్రశేఖర్ గారు పోట్లాటకు దిగలేదు. 1939లో నక్షత్రాల నిర్మాణం మీద ఒక పుస్తకం రాసి, ఇంకో విషయానికి మళ్ళారు. తరవాత జీవితమంతా అదే పద్ధతి, ఏళ్ళ తరబడి ఒక విషయం మీద కూర్చోవడం, పెద్ద గ్రంథం రాయడం, కొత్త పాఠం మొదలుపెట్టడం. ఎడింగ్టన్‌తో స్నేహం మాత్రం చెడలేదు.

1936లో మద్రాసు వెళ్ళి, కాలేజీలో పరిచయమైన లలిత గారిని పెళ్ళిచేసుకున్నారు. 1937లో షికాగో విశ్వవిద్యాలయం వారి యెర్క్స్ అబ్జర్వేటరీలో చేరారు. ఒంటిరంగు చూసి ఆయన పాఠం చెప్పడానికి అభ్యంతరపెట్టిన అధికారి అక్కడ ఉన్నాడు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు హచిన్స్ పట్టుబట్టి ఆయన్ని నిలబెట్టారు. విస్కాన్సిన్ నుంచి షికాగోకు 80 మైళ్ళ దాకా కారు నడుపుకుంటూ వెళ్ళి చెప్పిన ఒక క్లాసులో విద్యార్థులు ఇద్దరేనట, లీ, యాంగ్. 1957లో ఆ క్లాసు మొత్తానికీ నోబెల్ వచ్చింది! గురువుగారికి ఇంకా రాలేదు. 1953లో ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అది తండ్రికి చాలా కష్టం కలిగించింది.

గురువుగారి నోబెల్ 1983 అక్టోబరు 19న, సరిగ్గా 73వ పుట్టినరోజున ప్రకటించారు. ఆ ఏడాదే కృష్ణ బిలాల గణితం మీద ఆయన గ్రంథం కూడా వెలువడింది. 1935లో సభ నవ్విన దారి చివరికి చేరేది అక్కడికే. బాగా బరువైన నక్షత్రం కుంగుబాటు ఆగకపోతే మిగిలేది కృష్ణ బిలమే.

1995 ఆగస్టు 21న ఆయన షికాగోలో కన్నుమూశారు. తరవాత నాసా తన కొత్త టెలిస్కోపుకు పేరు పెట్టమని పోటీ పెడితే ఆరువేలకు పైగా సూచనలు వచ్చాయి. గెలిచిన ఇద్దరిలో ఒకరు ఐడహో రాష్ట్రపు హైస్కూలు విద్యార్థి. 1999 జూలై 23న కొలంబియా షటిల్ 'చంద్ర'ను ఆకాశానికి మోసుకెళ్ళింది. అయిదేళ్ళ పనికోసం పంపిన ఆ టెలిస్కోపు పదిహేనేళ్ళ తరవాత కూడా ఒక వింతను చూసింది.

పిల్లలూ, చంద్రుడు భూమికి ఇటువైపు నీటిని ఎక్కువగా, అటువైపు నీటిని తక్కువగా లాగడం వల్ల ఆటుపోట్లు వస్తాయని చదివే ఉంటారు. నక్షత్రం పెద్ద కృష్ణ బిలానికి మరీ దగ్గరగా వెళితే ఈ తేడా ఎంత పెరుగుతుందంటే, నక్షత్రం సాగి చీలిపోతుంది. ఇలాంటి లాగుడుకు ద్రవ గోళం ఎలా సాగుతుంది, ఎప్పుడు నిలవలేదు అన్నది చంద్రశేఖర్ గారు 1960లలో లెక్కకట్టిన విషయాల్లో ఒకటి. చీలిన వాయువులో దాదాపు సగం బయటికి ఎగిరిపోతుంది. మిగతాది బిలం చుట్టూ సుడి తిరుగుతూ వేడెక్కి ఎక్స్-రేలు వెదజల్లుతుంది. ఆ కాంతి ఒత్తిడికి కొంత వాయువు గాలిలా వెనక్కి వీస్తుంది. కృష్ణ బిలం అన్నిటినీ మింగేస్తుందనుకుంటాం గాని, ఇలా ఉమ్మేసేదీ ఉంది.

2014లో 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఇలాంటి చీలిక ఒకటి కనబడింది. బిలం చుట్టూ వాయువు సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో మనవైపు వీస్తున్నట్టు చంద్ర టెలిస్కోపు, యూరప్ వారి టెలిస్కోపు కలిసి పట్టుకున్నాయి. యూరప్ టెలిస్కోపు కొలతల్లో కాంతి వేగంలో అయిదోవంతు వేగం గల వాయువు కూడా ఉన్నట్టు తరవాత తేలింది. ఆ వాయువులో నైట్రోజన్ ఎంత, కార్బన్ ఎంత అని లెక్కించి, చీలిన నక్షత్రం మన సూర్యుడికి మూడు రెట్ల దాకా బరువైనదై ఉంటుందని 2023లో అంచనా వేశారు.