అలలంచున ఆనందరంగ పిళ్ళె

ఆనందరంగ పిళ్ళె 1709లో మద్రాసు చెంత పెరంబూరున జన్మించి, బాల్యముననే పుదుచ్చేరి చేరి, డూప్లే దొర కాలమున ప్రధాన దుబాసీ అయ్యెను. ఆ పురమునకు గాలి మరుగైన రేవు లేదు. ఓడలు దూరముననే లంగరు దింపగా, మేకులు లేక కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన మసూలా పడవలే ఈదురుగాలిలో అలలను దాటి ఒడ్డు చేరెడివి. పలకలు కొంత వంగుటచే తాకిడిని తట్టుకొనెడివి. పిళ్ళె 1736 మొదలు ఓడల రాకపోకలను సైతము తన తమిళ దినచర్యలో వ్రాసెను. కస్తూరి రంగకవి ఆయన పేర తెలుగున ఛందోగ్రంథమే రచించెను. 1761 జనవరి 1న తుపాను ఆంగ్లేయుల నావలను కొన్నింటిని ముంచినను ముట్టడి తొలగలేదు. ఫ్రెంచి ఓడలు రాలేదు. పడవలకు దింప సరకే లేకపోయెను. ఆ నెలలోనే పిళ్ళె గతించెను. కొలది దినములకే, ఆకలిగొన్న పురము లొంగిపోయెను.