చదరంగ విదుషి వెరా మెంచిక్

చదరంగంలో గెలుపోటములను నిర్ణయించేది బుద్ధిబలం ఒక్కటే. అయినప్పటికీ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో ఈ క్రీడ పురుషుల సొత్తుగానే పరిగణింపబడింది. ఆ అభిప్రాయాన్ని వాదంతో గాక విజయాలతో ఖండించిన ధీశాలిని వెరా మెంచిక్. ప్రపంచ మహిళా చదరంగ పోటీలలో ఆమె ప్రథమ విజేత.

వెరా 1906 ఫిబ్రవరి 16న మాస్కో నగరంలో జన్మించింది. తండ్రి చెక్ జాతీయుడు, తల్లి ఆంగ్లేయురాలు. తొమ్మిదేళ్ళ ప్రాయంలో తండ్రి వద్ద చదరంగం నేర్చుకొన్నది. 1917 విప్లవానంతరం ఆ కుటుంబం ఆస్తిపాస్తులను కోల్పోయింది. 1921లో తల్లి కుమార్తెలతో ఇంగ్లండు చేరి, హేస్టింగ్స్ పట్టణంలో స్థిరపడింది. కొత్త దేశంలో, భాష అంతంతమాత్రంగా తెలిసిన ఆ బాలికకు మాటలతో పనిలేని చదరంగమే ఆలంబనమైంది. 1923లో అక్కడి చదరంగ సంఘంలో చేరి, హంగేరీ దేశపు మేటి ఆటగాడు గేజా మరోట్సీకి శిష్యురాలైంది.

1927లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య లండన్‌లో తొలి ప్రపంచ మహిళా పోటీని నిర్వహించింది. పన్నెండుమంది పాల్గొన్న ఆ పోటీలో వెరా పదకొండు ఆటలకు పది గెలిచి, ఒకటి డ్రా చేసుకొని విజేతగా నిలిచింది. అది మొదలు 1939 నాటి బ్యూనస్ ఎయిర్స్ పోటీ వరకు జరిగిన ఏడు పోటీలలోనూ విజయం ఆమెనే వరించింది. మొత్తం 83 ఆటలలో 78 గెలుపులు, 4 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి!

మహిళలపై గెలుపుతోనే ఆమె తృప్తి చెందలేదు. 1929లో కార్ల్స్‌బాడ్ పోటీలో 21 మంది పురుషుల నడుమ ఆమె ఒక్కతే మహిళ. ఆమె చేతిలో ఓడినవారందరూ వెరా మెంచిక్ సంఘంలో సభ్యులు కావాలని ఆల్బర్ట్ బెకర్ అనే ఆటగాడు పరిహసించాడు. విధి విలాసమేమో, ఆ సంఘానికి తొలి సభ్యుడు అతడే అయ్యాడు! ఆ పోటీలో వెరా చివరి స్థానంలో నిలిచిన మాట వాస్తవమే. కాని ఆమె కుంగిపోలేదు. అనంతర కాలంలో, 1935లో ప్రపంచ విజేత కానున్న మాక్స్ యూవేను రెండుసార్లు ఓడించింది. అవిభక్త భారతదేశపు మేటి ఆటగాడు మీర్ సుల్తాన్ ఖాన్ సైతం ఆమె చేతిలో పరాజితుడయ్యాడు. అపహాస్యానికి పుట్టిన సంఘం కాలక్రమాన ఆమె కీర్తికి చిహ్నమైంది.

1937లో వివాహమాడిన వెరాకు 1943లో భర్తృవియోగం కలిగింది. మరుసటి సంవత్సరమే మరో ఘోరం జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944 జూన్ చివరి వారంలో, జర్మనీ ప్రయోగించిన బాంబు లండన్‌లోని వారి ఇంటిపై పడింది. తల్లి, సోదరితోపాటు వెరా అసువులు బాసింది. అప్పటికి ఆమె వయస్సు 38 సంవత్సరాలు. మరణించే నాటికీ ప్రపంచ విజేత ఆమెయే.

మహిళల చదరంగ ఒలింపియాడ్ విజేతలకు బహూకరించే పాత్ర నేటికీ వెరా మెంచిక్ పేరుతోనే ఉన్నది. 2024లో బుడాపెస్ట్‌లో ఆ పాత్రను భారత మహిళలు తొలిసారి గెలుచుకొన్నారు. ఆ జట్టులో మన తెలుగు వనిత ద్రోణవల్లి హారిక ఉండడం మనకు గర్వకారణం. పరిహాసానికి ప్రజ్ఞయే తగిన సమాధానమని వెరా జీవితం చాటుతున్నది.