రెండు పరికరాలను కలిపిన శాస్త్రవేత్త - పాట్రిక్ బ్లాకెట్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని తమ్ముళ్లు అడిగారు. ఎలక్ట్రానిక్స్ చదివిన పూర్వ విద్యార్థులం నలుగురం కూర్చుని పాట్రిక్ బ్లాకెట్ పేరు ఎంచుకున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. ఆయన మనలాగా పేదింట్లో పుట్టినవాడు కాదు. అయినా ఆయన చేసిన ఒక పని మా ల్యాబులో మమ్మల్ని గట్టెక్కించింది. అందుకే ఈ వ్యాసం.

బ్లాకెట్ 1897 నవంబరు 18న లండన్‌లో జన్మించారు. తండ్రి షేర్ల బ్రోకరు. 1910లో, పదమూడేళ్లు నిండకముందే, నౌకాదళ పాఠశాలలో చేరారు. 1914లో యుద్ధం రాగానే ఆ పిల్లవాడు నేరుగా ఓడ ఎక్కాడు. అదే ఏడాది ఫాక్‌లాండ్ దీవుల దగ్గర, 1916లో జట్లాండ్ దగ్గర జరిగిన సముద్ర యుద్ధాల్లో పాల్గొన్నారు. యుద్ధం వల్ల చదువు ఆగిపోయిన అధికారులను నౌకాదళం 1919లో కొన్ని నెలల చదువుకని కేంబ్రిడ్జికి పంపింది. అక్కడ కావెండిష్ ప్రయోగశాల చూసిన తరువాత ఆయన మనసు మళ్లీ ఓడ మీదికి పోలేదు. ఉద్యోగానికి రాజీనామా చేసి భౌతికశాస్త్రం చదివారు.

ప్రయోగశాల పెద్ద రూథర్‌ఫోర్డ్ ఆయనకు క్లౌడ్ ఛాంబర్ పని అప్పగించారు. అది తేమ నిండిన గాలి గది. దాన్ని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే లోపలి గాలి చల్లబడుతుంది. అప్పుడే దూసుకుపోయిన కణం దారి వెంట సన్నని నీటి బిందువులు కట్టి తెల్లని గీత కనబడుతుంది. దాన్ని ఫొటో తీస్తారు. నైట్రోజన్ కేంద్రకాన్ని ఆల్ఫా కణం తాకినప్పుడు ఏమవుతుందో చూడటానికి బ్లాకెట్ సుమారు 23 వేల ఫొటోలు తీశారు. వాటిలో 4 లక్షలకు పైగా గీతలున్నాయి. ఆయనకు కావలసినవి దొరికింది ఎనిమిదే ఎనిమిది! నైట్రోజన్ ఆక్సిజన్‌గా మారుతున్న దృశ్యాన్ని లోకం 1925లో వాటిలోనే చూసింది.

తరువాత ఆయన ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద దృష్టి పెట్టారు. ఇక్కడ ఓపిక ఒక్కటే సరిపోలేదు. ఆల్ఫా కణాలను మనం అనుకున్నప్పుడు పంపవచ్చు. కాస్మిక్ కిరణం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇష్టమొచ్చినప్పుడు గదిని తెరచి ఫొటో తీస్తే చాలా ఫిల్ములు ఖాళీగానే వచ్చేవి.

1931లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి జుసెప్పే ఒక్కియలీని అనే యువకుడు మూడు నెలలు ఉండి క్లౌడ్ ఛాంబర్ పని నేర్చుకుందామని వచ్చి, సుమారు మూడేళ్లు ఉండిపోయాడు. అతనికి గీగర్ కౌంటర్లు బాగా తెలుసు. కణం తగిలితే కౌంటరు విద్యుత్ స్పందన ఇస్తుంది. కానీ ఎటు పోయిందో చూపలేదు. ఛాంబరు దారి చూపుతుంది, కానీ ఎప్పుడు తెరవాలో దానికి తెలియదు. ఈ రెండింటినీ కలిపితే?

మన ఊళ్లలో చేను కాపలా గుర్తు తెచ్చుకుందాం. అడవి పందుల కోసం రాత్రంతా కళ్లు తెరచుకుని ఎవరూ కూర్చోలేరు. చేను చుట్టూ తాడు కట్టి దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీస్తారు. పంది తాడును తాకితే డబ్బాలు మోగుతాయి, కాపలావాడు లేచి టార్చిలైటు వేస్తాడు. గాలికి ఒక తాడు మోగవచ్చు. వరుసగా కట్టిన రెండు తాళ్లూ ఒకేసారి మోగితే పంది వచ్చిందనే లెక్క.

వాళ్లు చేసింది అదే. ఛాంబరుకు పైన ఒక కౌంటరు, కింద ఒక కౌంటరు పెట్టారు. రెండూ ఒకే క్షణంలో స్పందిస్తేనే ఛాంబరు వ్యాకోచించేలా వాల్వులతో సర్క్యూటు కట్టారు. బ్రూనో రొస్సీ 1930లో చేసిన సర్క్యూటు దీనికి దారి చూపింది. కణం వెళ్లిపోయాకే గది తెరుచుకుంటుంది, నిజమే. కానీ అది వదిలిన అయాన్లు సెకనులో వందో వంతు సేపట్లో చెదిరిపోవు. ఆ కాస్త వ్యవధి చాలు. 1932లో ఈ పద్ధతితో నూటికి సుమారు 80 ఫొటోల్లో కిరణాల గీతలు పడ్డాయి. కార్ల్ ఆండర్సన్ 1932లో కనుగొన్న పాజిట్రాన్‌ను వీరి ఫొటోలు 1933లో బలపరిచాయి. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు జల్లులుగా పుడతాయని కూడా చూపాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లాకెట్ లెక్కలతో జలాంతర్గాముల వేటకు తోడ్పడ్డారు. నగరాల మీద బాంబుల వర్షాన్ని, తరువాత అణ్వాయుధాలను వ్యతిరేకించి నిందలు పడ్డారు. 1947 జనవరిలో ఢిల్లీ సైన్స్ కాంగ్రెస్‌కు వచ్చి నెహ్రూకు సన్నిహితులయ్యారు. మన దేశ రక్షణ పరిశోధన ఎలా ఉండాలో 1948లో నివేదిక ఇచ్చారు. 1974 జులై 13న కన్నుమూశారు.

1948లో నోబెల్ బహుమతి బ్లాకెట్ ఒక్కరికే వచ్చింది. ఒక్కియలీనికి రాలేదు. బ్లాకెట్ తన నోబెల్ ఉపన్యాసంలో ఆ పనిని ఇద్దరి పనిగానే చెప్పారు. కానీ బహుమతి జాబితాలో ఒక్క పేరే ఉంది.

ఇప్పుడు మా సంగతి. ఫైనలియర్ ప్రాజెక్టులో మా మైక్రోకంట్రోలర్ బోర్డు గంటకోసారి దానంతటదే రీసెట్ అయ్యేది. మూడు రోజులు ఆసిలోస్కోపు తెర ముందు వంతులవారీగా కూర్చున్నాం. రెప్ప వేసినప్పుడే పోయేది! ల్యాబు అటెండరు అన్న చూసి, లాజిక్ ఎనలైజరును రీసెట్ వైరుకు కాపలా పెట్టి, దాని ట్రిగ్గర్ అవుట్ నుంచి ఆసిలోస్కోపు ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు ఒక కేబుల్ కలపమన్నాడు. కలిపి టీకి వెళ్లాం. వచ్చేసరికి తెర మీద తప్పు నిలిచి ఉంది. రిలే పడిన ప్రతిసారీ కాకపోయినా, ఎప్పుడో ఒకసారి 5 వోల్టుల సప్లై కుంగిపోతోంది. ఆ ఆసిలోస్కోపు ట్రిగ్గర్‌కు ముందు జరిగింది కూడా దాచి ఉంచుతుంది కాబట్టి దొరికింది. సప్లైకి ఒక కెపాసిటర్ చేర్చాం, బోర్డు నిలబడింది.

ప్రాజెక్టు రిపోర్టులో మా నలుగురి పేర్లే రాసుకున్నాం. ఆ అన్న పేరు రాయలేదు. ఈ సంచికలోనైనా వేస్తామంటే, ఇప్పుడెందుకులే అని నవ్వి వద్దన్నాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీరు ల్యాబుల్లో అడుగు పెడతారు. అరుదుగా వచ్చే తప్పును కళ్లతో పట్టాలని చూడకండి. అది వచ్చినప్పుడు తానే స్విచ్చు నొక్కేలా ఏర్పాటు చేయండి. ఒక పరికరానికి తెలియనిది పక్కదానికి తెలిసి ఉండవచ్చు, మనుషులూ అంతే. పని పూర్తయ్యాక రికార్డులో ఆ పక్కవాళ్ల పేరు రాయడం మాత్రం మాలా మరిచిపోకండి.