బాలభటోద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ ప్రభువు

సమవస్త్రము ధరించి, మెడకు రుమాలు చుట్టి, మూడు వ్రేళ్లెత్తి వందన మొనర్చు బాలభటుని మనలో చూడనివారుండరు. తిరునాళ్లలో తప్పిపోయిన పసిబిడ్డను తల్లికడకు జేర్చుటకును, దప్పిగొన్నవారికి నీరందించుటకును, గాయపడినవారికి కట్టుకట్టుటకును బాలభటులు ముందుకు వత్తురు. స్కౌటులని లోకమున ప్రసిద్ధిగాంచిన యీ బాలభటుల సంఘమును స్థాపించిన బేడెన్ పవెల్ ప్రభువు చరిత్రము విద్యార్థు లెల్లరును తెలిసికొనదగినది.

రాబర్టు బేడెన్ పవెల్ 1857 సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ గురువు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్షేత్రగణితాచార్యుడు. బాలునికి మూడేండ్లు నిండిన కొలదికాలమునకే, 1860లో, తండ్రి మరణించెను. తల్లి హెన్రియెట్టా గ్రేస్ సంసారభారము నంతయు తానే వహించి, బిడ్డలను క్రమశిక్షణతో పెంచెను. సెలవుదినములలో అన్నదమ్ములు పడవలు నడపుచు, అడవులు తిరుగుచు, తమ వంట తామే చేసికొనుట నేర్చిరి.

1870లో రాబర్టు చార్టర్‌హౌస్ పాఠశాలలో చేరెను. రెండేండ్లకు ఆ పాఠశాల లండను విడిచి, గొడాల్మింగు అను పల్లెపట్టునకు తరలెను. చెంగటనున్న చిట్టడవి విద్యార్థులకు నిషిద్ధస్థలము. అయినను ఈ బాలుడు రహస్యముగా అందు ప్రవేశించి, మృగముల అడుగుజాడలు గుర్తించుచు, కుందేళ్లను బట్టి, ఉపాధ్యాయుల కంటబడకుండుటకై పొగరాని నిప్పు రాజేసి వండుకొనుచుండెను. పాఠశాల నిబంధన నతిక్రమించుట మెచ్చదగినది కాదు. కాని ఆ చిట్టడవిలో నేర్చినదే యనంతరము ఆయన జీవితమునకు మూలధనమయ్యెను.

విద్యలో నతడు అగ్రగణ్యుడు కాడు. ఆక్స్‌ఫర్డు ప్రవేశమునకై యత్నించి విఫలుడయ్యెను. అంతటితో కృంగిపోక, 1876లో సైనికోద్యోగ పరీక్షకు గూర్చుండి, అశ్వికదళమునకు రెండవవాడుగా నెగ్గెను. ఆ యేడే పదుమూడవ హుస్సారు దళమున చేరి లక్నోకు వచ్చెను. ఇట్లాయన సైనికజీవితము మన దేశముననే యారంభమయ్యెను. పిమ్మట 1897 మొదలు 1899 వరకు మీరటులో నొక దళమునకు అధిపతియై, చిన్న చిన్న జట్లుగా సైనికులను విభజించి, జాడలు తీయుట, దిక్కులు కనుగొనుట మున్నగు విద్యలను నేర్పెను. నేర్చినవారికి ఉత్తరదిక్కును సూచించు బాణపుమొన గుర్తుగల బిళ్ల నొసగెను. నేటికిని బాలభటుల చిహ్నమునకు మూలమైనది ఆ గుర్తే.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాయందు బోయరు యుద్ధము మొదలయ్యెను. మాఫెకింగు అను చిన్నపట్టణమును శత్రువులు ముట్టడించిరి. దానిని రక్షించు బాధ్యత బేడెన్ పవెల్‌పై పడెను. సైన్యము కొలది, ఉపాయమే బలము. ఇసుక నింపిన పెట్టెలను మందుపాతరలని నమ్మించెను. లేని ముండ్లతీగెలను దాటుచున్నట్లు నటింపుమని సైనికుల కాజ్ఞాపించెను. పట్టణములోని బాలురు ఒక దళముగా నేర్పడి, తొలుత గాడిదలపైని, పిదప సైకిళ్లపైని ఉత్తరములు చేరవేసిరి. బాధ్యత నప్పగించినచో బాలురు పెద్దలవలె నిర్వహింపగలరని ఆయన కచ్చట బోధపడెను. 217 దినములు గడచిన పిదప, 1900 మే 17వ తేదీన పట్టణము విముక్తి నొందెను. ఇంగ్లండు నందు ఆయన పేరు ఇంటింట మారుమ్రోగెను.

ఐనను గొప్పవారి చరిత్రమును సత్యముగా చెప్పవలయునే కాని, మరుగుపరచి చెప్పరాదు. ఆ ముట్టడిలో తెల్లవారికి దొరికినంత యాహారము నల్లవారికి దొరకలేదు; పలువురు ఆఫ్రికనులు ఆకలిచే మరణించిరి. ఇందులకు చరిత్రకారులు కొందరు ఆయనను తప్పుపట్టిరి. ఆయన పక్షమున వాదించినవారును గలరు. సామ్రాజ్యసేవకుడైన యా సైనికుడు తన కాలపు భేదభావములకు అతీతుడు కాడని మనము గ్రహింపవలయును.

ఇంగ్లండునకు తిరిగివచ్చిన పిదప, సైనికులకై తాను వ్రాసిన చిన్నపుస్తకమును బాలురు ఆసక్తితో చదువుచున్నట్లు ఆయనకు తెలిసెను. 1904లో గ్లాస్గో నగరమున బాయిస్ బ్రిగేడు బాలుర కవాతును జూచి ముగ్ధుడు కాగా, దాని స్థాపకుడైన విలియం స్మిత్తు, ఆ పుస్తకమును బాలురకై తిరిగి వ్రాయుమని ప్రోత్సహించెను. వ్రాయుటకు ముందు పరీక్షించి చూడవలెనని తలచి, 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు 20 మంది బాలురతో విడిది చేసెను. అందు సంపన్నుల బిడ్డలును కార్మికుల బిడ్డలును కలిసియుండిరి. తోడేలు, కాకోలము, ఎద్దు, కర్లూ పక్షి అను నాలుగు దళములుగా వారిని విభజించి, ఒక్కొక్క దళమునకు ఒక బాలునే నాయకునిగా జేసెను. ఒకే గుడారమున పరుండి, ఒకే కుండలో వండుకొని తినిన యా బాలురకు ధనిక, దరిద్ర భేదము గుర్తుకు రాలేదు.

1908లో ఆయన గ్రంథము పక్షమున కొక్కటి చొప్పున ఆరు భాగములుగా వెలువడెను. పెద్దల పిలుపు కొరకు వేచియుండక, బాలురే దానిని చదివి దళములుగా నేర్పడజొచ్చిరి. 1909లో లండనులోని క్రిస్టల్ పాలెసు నొద్ద సుమారు 11,000 మంది బాలభటులు సమావేశమైరి. తామును చేరుదుమని కొందరు బాలికలు ధైర్యముగా నచ్చటికి వచ్చిరి. వారికై 1910లో, తన సోదరి యాగ్నెసు సాయముతో, గైడు సంఘమును స్థాపించెను. ఆ యేడే సైన్యమును విడిచి, తన శేషజీవితమును బాలసేవకు సమర్పించెను. 1912లో ఓలేవ్ సోమ్సును వివాహమాడెను. గైడు ఉద్యమమునకు ఆమె పిమ్మట నాయకురాలయ్యెను.

మన దేశమున 1909లో బెంగుళూరునందు తొలి దళ మేర్పడెను. కాని అది తెల్లవారి బిడ్డలకును ఆంగ్లో ఇండియను బాలురకును మాత్రమే. భారతీయ బాలురకు తలుపు మూయబడియుండెను. అంతట 1916లో మద్రాసునందు అనీబెసంటు అమ్మగారు, అరండేలుగారి తోడ్పాటుతో భారతీయ బాలురకు వేరుగా సంఘమును నెలకొల్పిరి. మరుసటి యేడు అలహాబాదునందు మదనమోహన మాలవ్యా పండితుడు మున్నగువారు సేవాసమితి బాలభటుల నేర్పాటుచేసిరి. 1921లో బేడెన్ పవెల్ స్వయముగా ఈ దేశమునకు వచ్చెను. అంతట తలుపు తెరువబడి, బెసంటు అమ్మగారి సంఘము మాతృసంఘమున చేరెను. స్వాతంత్ర్యానంతరము వేర్వేరు సంఘములు 1950 నవంబరు 7వ తేదీన ఏకమై, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేర వెలసినవి. మూసిన తలుపును జూచి మరలిపోక, దానిని తెరిపించిన మన పెద్దలకును ఈ చరిత్రలో భాగము గలదు.

1920లో లండనున జరిగిన ప్రథమ ప్రపంచ బాలభట మహాసమ్మేళనమున బాలురెల్లరు ఆయనను తమ ప్రపంచనాయకునిగా జయజయధ్వానములతో నంగీకరించిరి. 1929లో ప్రభుబిరుదము లభించెను. వార్ధకమున కెన్యాదేశపు న్యేరీ గ్రామమున చిన్నయింట నివసించుచు, 1941 జనవరి 8వ తేదీన పరమపదించెను. ఆయన సమాధిశిలపై ఒక వలయమును, దాని నడుమ నొక చుక్కయు చెక్కబడియున్నవి. దారిగుర్తులు తెలిసిన బాలభటుని కది సుపరిచితము. నడచినవాడు పని ముగించుకొని యిల్లు చేరెనని దాని యర్థము.

బాలబాలికలారా! బాలభటుడు మొదట దేవుని యెడలను, దేశము యెడలను తన విధి నెరవేర్తునని ప్రమాణము చేయును. దినమున కొక్క మేలైనను ప్రతిఫలము కోరక చేయుట అతని వ్రతము. మంచి సమరయుని కథను మనము ప్రార్థనామందిరమున వినుచున్నాము. దానిని వీథిలో నాచరించుటయే బాలభటుని పని. తల్లిదండ్రులారా! గుడారమున నాలుగు దినములు గడపినచో చదువు చెడునని భయపడవలదు. పరీక్షలో తప్పిన యొక బాలుడు అడవిలో నేర్చిన విద్యతో లోకమునకు మేలు చేసెను. ఆయన లోపములను విడిచి గుణములను గ్రహించి, మన పాఠశాల బాలబాలికలు ఈ సేవాదళమున చేరుదురు గాక.