ప్రభువు బల్లయొద్ద పౌలీ మర్రీ

సమాజము వెలుపల నుంచిన నపుంసకులకు దేవుడు తన మందిరమందు చోటును, చెరగని పేరును వాగ్దానము చేసిన సంగతి యెషయా 56వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ వాగ్దానమును తలంచునప్పుడు మనకు పౌలీ మర్రీ జ్ఞాపకము వచ్చును.

ఆమె 1910లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జన్మించెను. నల్లజాతిదని 1938లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమును, స్త్రీయని 1944లో హార్వర్డును ఆమెను చేర్చుకొనలేదు. లోపల మరియొక భారముండెను. ఆమె స్త్రీలను ప్రేమించెను; తాను పురుషుడనేమో యని 1930లలో వైద్యుల నడిగి చూచెను. ఈ మాట సంఘములో పైకి చెప్పుకొనలేకపోయెను.

తనతో కూడ ఆరాధించిన ఆప్తురాలు ఐరీన్ బార్లో 1973లో మరణించగా, పౌలీ ఆచార్య పదవిని విడిచి వేదాంత పాఠశాలలో చేరెను. 1977 జనవరి 8న, 66 ఏండ్ల ప్రాయమున, గురుపట్టము పొందెను. ఎపిస్కోపల్ సంఘమందు గురువైన నల్లజాతి స్త్రీలలో ఆమెయే మొదటిది. మరుసటి నెలలో ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్ పట్టణమున తొలిసారి ప్రభువు బల్ల నాచరించెను. ఆమె అమ్మమ్మ కొర్నీలియా 1854లో బానిసగా బాప్తిస్మము పొందినది ఆ దేవాలయములోనే. ఆమెను చేర్చుకొనని విశ్వవిద్యాలయమును ఆ ఊరనే యున్నది.

1985లో ఆమె ప్రభువునందు నిద్రించెను. దాచుకొనిన మాట ఆమె విడిచిన కాగితముల వలన తరువాత తెలిసెను.

అట్టివారు నేడును మన ప్రక్కనే మౌనముగా కూర్చుండి యున్నారు. బల్ల ప్రభువుది, పిలుచువాడు ఆయనే. మనము కొంచెము జరిగి వారికి చోటిత్తము.